టాపు మీది నీళ్ళసీసా

లా బాందా ఊళ్ళో కారు టాపు మీద నీళ్ళసీసా నిలబెట్టారంటే అది అమ్మకానికి ఉన్నట్టే. బోర్డు అక్కర్లేదు.

ఆ ఆదివారం దోన్యా ఎల్బా ఇంటి ముందున్న ఆకుపచ్చ కారు మీద సీసా చూసి రుబెన్ ఠక్కున బ్రేకు వేశాడు. వెనక సీట్లో పిల్లలిద్దరూ ముందుకు తూలారు.

"మిర్తా, అటు చూడు. కిందటి వారం లేదు, ఇప్పుడుంది."

మిర్తాకు ఏడో నెల. వాళ్ళ బుల్లి కారులో ఇప్పటికే ఒకరి మోచేయి ఇంకొకరి డొక్కలో ఉంటోంది. మూడోది పుడితే రుబెన్‌ని బానెట్ మీద కూర్చోబెట్టాలని అత్తగారు ఊరంతా చెప్పి నవ్వుతోంది.

కిందటి ఆదివారం అటుగా వెళ్తూ మిర్తా ఈ కారు దగ్గరే ఆగింది. కిటికీలోంచి చెయ్యి దూర్చి వెనక సీటును జానలతో కొలిచింది. ఇలాంటిది దొరికితే ముగ్గురూ హాయిగా పడతారని నిట్టూర్చింది. బానెట్ కింద తల దూర్చి ఎవరో పని చేసుకుంటున్నా పట్టించుకోలేదు.

ఇవాళ రుబెన్ ఎగురుకుంటూ దిగాడు.

ఆ సంబరం రెండు నిమిషాలే. స్టీరింగు ముందు అప్పటికే ఒకడు తిష్ఠ వేసుకుని ఉన్నాడు. గళ్ళ చొక్కా, నెరిసిన మీసం. "మాటే" అనే ఆకుల కషాయాన్ని గొట్టంతో తాపీగా పీలుస్తున్నాడు.

మనకంటే ముందే దిగబడ్డాడు అనుకున్నాడు రుబెన్.

దోన్యా ఎల్బా బయటికి వచ్చి, అది పోయిన తన భర్త కారని చెప్పింది. కాస్త రిపేరు మిగిలి ఉందట. వచ్చే ఆదివారం వస్తే ధర మాట్లాడుకోవచ్చట.

వారం గడువు ఎందుకో రుబెన్‌కు వెంటనే అర్థమైపోయింది. ఆ మీసంవాడు ఎక్కువ ఇస్తాడేమో చూద్దామని.

రుబెన్ టైరును రెండుసార్లు తన్ని, తల పంకించాడు. కారు చూడడమంటే అతనికి తెలిసింది అంతే. ఈలోగా గళ్ళ చొక్కావాడు నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరిపోయాడు.

"చూశావా, ఆయన పైపు పైపూ తడిమి చూస్తున్నాడు. నువ్వేమో టైరును తంతున్నావు," అంది మిర్తా.

రుబెన్‌కు ఒళ్ళు మండిపోయింది.

కారు కింది నుంచి లేచాక అతను మిర్తాకు తన మాటే కషాయం అందించాడు. మిర్తా ఇష్టంగా తాగింది. రుబెన్‌కూ ఇవ్వబోతే కడుపులో బాగా లేదన్నాడు. ఆ మాట ఒక విధంగా నిజమే.

ఆ వారమంతా రుబెన్ కొట్టు కట్టేసి చుట్టుదారిన ఆ వీధికే వెళ్ళాడు. ఎప్పుడు చూసినా ఆ చొక్కా అక్కడే ఉండేది. మంగళవారం సీటు చిరుగులు కుడుతున్నాడు. గురువారం వెనక సీటుకు కొత్త బెల్టులు బిగిస్తున్నాడు, ఒకటి కాదు, మూడు.

వేలికి ఉంగరం లేదు, వెంట ఒక్క పిల్లా లేదు. వీడికి మూడు బెల్టులెందుకు? ఎక్కడెక్కడ ఎన్ని కాపురాలున్నాయో అనుకున్నాడు రుబెన్. అయినా దోన్యా ఎల్బా వాడికి మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు వేడివేడిగా పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. తనకు మంచినీళ్ళయినా ఇవ్వలేదు.

రాత్రి భోజనాల దగ్గర మిర్తా మళ్ళీ అతని ఓపికనే మెచ్చుకుంది.

"అయితే ఆయన్నే కట్టుకోవాల్సింది," అన్నాడు రుబెన్.

"అప్పుడు కనబడలేదుగా," అని మిర్తా పకపకా నవ్వింది.

రుబెన్‌కు ముద్ద దిగలేదు. కారు పోతుందన్న బాధ ఒకటైతే, వాడి ముందు చిన్నవాడైపోయానన్న మంట అంతకు రెట్టింపు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అక్కడ కుక్క కూడా నీడ వదిలి రాదు. తలుపులన్నీ మూసుకుని ఊరు ఊరంతా నిద్రపోతుంది. రుబెన్ ఒక్కడూ వచ్చాడు. ఆకుపచ్చ కారు మీది సీసాను గబుక్కున తీసి తన కారు సీటు కింద పడేశాడు.

సాయంత్రం వాడొస్తాడు, సీసా ఉండదు, అమ్ముడుపోయిందనుకుని తన దారిన పోతాడు. రేపు పొద్దున మళ్ళీ పెట్టేస్తే సరి.

వారం తర్వాత ఆ రాత్రే అతనికి కంటి నిండా నిద్ర పట్టింది.

ఆదివారం నలుగురూ మంచి బట్టలు కట్టుకుని వెళ్ళారు. దోన్యా ఎల్బా ఇంటి ముందు నూనె మరక ఒకటే మిగిలింది.

కారును నిన్న సాయంత్రం అన్సెల్మో తీసుకుపోయాడంది ఆమె. గళ్ళ చొక్కా అతనే. దక్షిణాన పని దొరికి వెళ్ళిపోయాడట, ఇక ఇటు రాడట.

"మాకు మాటిచ్చి అతనికిచ్చారా? నాకు ముందే తెలుసు," అన్నాడు రుబెన్, మిర్తా వైపు తిరిగి.

దోన్యా ఎల్బా తెల్లబోయింది.

"అదేంటబ్బాయ్, పాపం అతను బస్సు టిక్కెట్టు కూడా కొనుక్కున్నాడు. తీరా వచ్చేసరికి సీసా తీసేసి ఉంది. మేం పడుకుని ఉంటే మీరే వచ్చి, కారు వద్దని చెప్పడానికి తీసేశారనుకున్నాడు. నేనూ అదే అనుకున్నా."

"మేం వద్దనడమేంటి?" అంది మిర్తా.

రుబెన్ తన కారు వైపు నడవబోయాడు.

అప్పుడే వెనక సీట్లోంచి చిన్నది కిటికీలో తల పెట్టింది. సీటు కింద దొరికిన నీళ్ళసీసాతో తలుపు మీద దరువు వేస్తోంది.

దోన్యా ఎల్బా ఆ సీసాను గుర్తుపట్టింది. దాన్ని చేతిలోకి తీసుకుని రుబెన్ వైపు తిరిగింది. తిట్టలేదు.

"ఆ కారు నెల కిందటే అన్సెల్మోకు అమ్మేశానయ్యా. బానెట్ కింద పని చేసుకుంటూ, మీ ఆవిడ సీటును జానలతో కొలవడం చూశాడట. ఆ సాయంత్రమే బేరం నాకప్పజెప్పి, సీసా నింపి తన కారు మీద తనే పెట్టాడు."