బ్రేకులేం తకలీఫ్ ఇయ్యలే

“...గట్ల కాదు నవతా. తాత చెప్పినట్టే ‘మామను సంపాలని’ అనే రాయి బిడ్డా. మనోడని దాయకు.”

శైలేందర్ తన మేనమామ హన్మండ్లును చంపాలనుకున్నది ఒక కారు కోసం. దోమకొండలో హన్మండ్లు ఇంటి ముందు తెల్లటి పాత కాంటెస్సా ఉండేది. బస్సు దిగి పెళ్లిచూపులకు పోతే ఏ పిల్లా తనను ఒప్పుకోవడం లేదని, ఆ కారులో దిగితే బీర్కూర్ సంబంధం ఖాయమని శైలేందర్ నమ్మకం.

“ఒక్క పూట ఇయ్యి మామా.”

“నా పానం ఉన్నన్ని దినాలు ఆ స్టీరింగ్ ఇంకోడు పట్టేది లేదు అల్లుడా.”

అయితే ఆ ప్రాణమే తీయాలి అనుకున్నాడు శైలేందర్.

హన్మండ్లు ప్రతి శుక్రవారం ఎల్లారెడ్డిలో ఉండే కూతురు గంగామణి దగ్గరికి ఒక్కడే ఆ కారులో పోయివస్తాడు. వెనుక చక్రాల బ్రేకులు ఎప్పుడో పోయాయి. ముందు చక్రాలవి తానే విప్పి కొత్తగా చేస్తానన్నాడు శైలేందర్. మామ మురిసిపోయాడు.

ఇంటి ముందు గోనెసంచి పరిచి చక్రాలు ఊడదీశాడు. చక్రాలను పట్టి ఆపే కాలిపర్లను విప్పి, ఫోన్‌లో వీడియో చూస్తూ తళతళలాడేలా తోమాడు. లోపల మాత్రం కొత్త రబ్బరు రింగులకు బదులు చిరిగినవే పెట్టి బిగించాడు.

శుక్రవారం పొద్దున వెళ్లిన హన్మండ్లు సాయంత్రం సొరకాయతో కారు దిగాడు.

“బ్రేకులు ఎట్లున్నయి మామా?”

“ఏం తకలీఫ్ ఇయ్యలే అల్లుడా.”

శైలేందర్ మళ్లీ విప్పాడు. ఈసారి బ్రేక్ ఆయిల్ మొత్తం వంపేశాడు. మామ ఇంకో సొరకాయతో తిరిగొచ్చాడు.

మూడోసారి కాలిపర్ల లోపలి పిస్టన్లనే తీసేసి జేబులో వేసుకున్నాడు. అయినా అనుమానం తీరక కామారెడ్డి వెళ్లి మెకానిక్ ఘనీని అడిగాడు.

“ఘనీ భాయ్, పిస్టన్లు లేకుంటే బండి ఆగుతదా?”

“ఎందుకాగది? ముంగట గోడ ఉంటే ఆగుతది.”

ఆ శుక్రవారం శైలేందర్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అద్దం ముందు నిలబడి రెండు మూడు రకాలుగా ఏడ్చి చూసుకున్నాడు. పాడెకు ముందు వైపు భుజం పట్టాలని కూడా తేల్చుకున్నాడు. అంతలో గేటు బయట హారన్ మోగింది.

“మామా... బ్రేకులు?”

“ఇయ్యాల గూడ ఏం తకలీఫ్ లేదు. నీ చేతుల ఏదో బర్కతున్నది అల్లుడా.”

శైలేందర్ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. చెడగొట్టాలని ముట్టుకున్నా బాగవుతోందంటే నిజంగానే తన చేతిలో మహిమ ఉంది! ఇంత మహిమ ఉన్నవాడు హత్యలు చేయడమేమిటని సిగ్గుపడ్డాడు. చంపడం మానేసి, దొంగతనంతో సరిపెట్టుకుందామనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం మామ కునుకు తీస్తుంటే తాళంచెవి తీసుకుని బీర్కూర్‌కు బయలుదేరాడు.

ఊరు దాటకముందే బర్రెల మంద అడ్డం వచ్చింది. శైలేందర్ ధీమాగా బ్రేకు తొక్కాడు. పెడల్ అడుగంటింది. బర్రెలను తప్పించబోతే కారు పక్కకు దూకి, పెంటకుప్ప ఎక్కి బోర్లా పడింది.

కామారెడ్డి దవాఖానలో రెండు కాళ్లకూ కట్లు కడుతుంటే, శైలేందర్ జేబులోని పిస్టన్లు తీసి మామ చేతిలో పెట్టాడు. ఈసారి నిజంగానే ఏడుస్తూ అంతా ఒప్పుకున్నాడు.

“గానీ... మూడుసార్లు నువ్వెట్ల బతికినవ్ మామా?”

హన్మండ్లుకు మాట బయటకు రావడానికి ఎప్పుడూ కొంత సేపు పడుతుంది. ఆయన గొంతు సవరించుకునే లోపే నర్సు వచ్చి బయటకు పంపేసింది.

“రాసినవా నవతా? రేపు దవాఖానకు పోయి గిది మొత్తం శైలేందర్‌కు సదివి వినిపియ్యి, కడకు గీ ముక్క గూడ కలుపు: ఆగాల్నంటే ఫర్లాంగు ముందుగాలనే గేరు తీసి ఊకుంట గానీ, వాడు అంత కష్టపడి కొత్తగ చేసినయి తొక్కితే అరుగుతయని, నేను బ్రేకు మీద కాలే పెట్టలే.”