వ్యోమింగ్ ఆయన

పొగమంచులో ట్రైలర్ వెనక్కి రావడం లేదు.

ట్రక్కు నడుపుతున్న ముసలాయన మరోసారి ముందుకు పోనిచ్చి వెనక్కి తోశాడు. ట్రైలర్ మళ్ళీ పక్కకే తిరిగింది.

టెక్సాస్ తీరంలోని ఆ ట్రైలర్ల క్యాంపులో చలికాలం పొద్దున్నే ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు. ఉత్తరాది చలిని తప్పించుకుని ఇళ్ళలాంటి ట్రైలర్లు లాక్కుంటూ వచ్చినవాళ్ళంతా మడతకుర్చీలు వేసుకుని, కాఫీ కప్పులతో వరసగా కూర్చుని చూస్తున్నారు.

“బండి పాతదే. నడిపేవాడే కొత్త,” అంది నోరీన్. అందరూ నవ్వారు.

ఆ కుర్చీల్లోంచి వెండెల్ లేచాడు. భార్య ఆర్డిత్ చెయ్యి పట్టుకోబోయేలోగా పొగమంచులోకి వెళ్ళిపోయాడు.

“ఎడమకి తిప్పరా... ఇంకాస్త... ఒరేయ్ లైల్, నన్నే చూస్తూ రా.”

మసకలో ఊగుతున్న ఆ చేతినే నమ్ముకుని వచ్చి ట్రైలర్ మెత్తగా తన చోట్లో ఒదిగింది.

చప్పట్లు మోగాయి.

ట్రక్కులో ఆయన మాత్రం చాలాసేపు కిందికి దిగలేదు.

“ఏమీ అనుకోకండి,” అంది ఆర్డిత్ కిటికీ దగ్గరికి వెళ్ళి. “మా ఆయనకి మతిమరుపు జబ్బు. లైల్ అంటే ఆయన తమ్ముడు. ఇప్పుడు కనపడ్డ ప్రతివాడూ లైలే. నిన్న పోస్టుమాన్‌ని అన్నాడు. మొన్న నోరీన్ వాళ్ళ కుక్కనీ అన్నాడు.”

“పర్వాలేదమ్మా,” అన్నాడాయన. “పిలవనివ్వండి.”

కొత్తవాళ్ళని అక్కడ పేరు అడగరు. నంబరు పలక మీద ఏ రాష్ట్రం ఉంటే అదే పేరు. ఆయన వ్యోమింగ్ అయ్యాడు.

రోజూ మధ్యాహ్నం వ్యోమింగ్ వచ్చి వెండెల్ పక్కన కూర్చునేవాడు. ఎదురుగా బూడిదరంగు నీళ్ళు. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. గూడబాతులు ఎగురుతున్నాయో ఈదుతున్నాయో తెలిసేది కాదు. పొగమంచు దిగితే ట్రైలర్లన్నీ లంగరు వేసిన పడవల్లా ఉండేవి.

“చెరువు గడ్డకట్టిందట్రా?” అనేవాడు వెండెల్ సముద్రాన్ని చూపిస్తూ.

“ఇంకా లేదన్నయ్యా. మంచు మీద జారడానికి కొన్నాళ్ళు ఆగుదాం.”

“నాన్నకి చెప్పకు.”

“చెప్పను.”

ఇద్దరూ దొంగల్లా నవ్వుకునేవాళ్ళు.

ఆ కాసేపే ఆర్డిత్‌కి తీరిక. తలస్నానం చేసేది. క్యాంపు హాల్లో నోరీన్ వాళ్ళతో పేకాడేది. ఒక్కోసారి ఊరికే పడుకుని కప్పు మీద చినుకుల చప్పుడు వినేది.

“భలే ఓపికండీ మీకు,” అంది ఒకరోజు వ్యోమింగ్‌కి మొక్కజొన్న రొట్టె అందిస్తూ. “అసలు తమ్ముడికి ఇందులో వీసం లేదు.”

“ఏం చేశాడు?”

“కన్నతల్లి పోతే రాలేదు. అప్పట్నుంచీ ఈయన ఆ పేరు ఎత్తనివ్వలేదు. ఇంట్లో ఒక్క ఫోటో ఉంచలేదు. నేను ఈయన్ని చేసుకున్నది ఆ తర్వాతే. ఆ మహానుభావుణ్ణి చూడనైనా లేదు. ఇప్పుడు అన్నీ మరిచిపోయి, ఆ పేరొక్కటే పట్టుకున్నాడు చూడండి. అతగాడు గనక వస్తే మాత్రం గుమ్మం తొక్కనివ్వను.”

వ్యోమింగ్ రొట్టెని చిన్నచిన్న ముక్కలుగా తుంచాడు.

“న్యాయమేనమ్మా,” అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పేకాట తొందరగా ముగిసింది. ఆర్డిత్ తిరిగొచ్చేసరికి, ట్రైలర్ వెనకనుంచి వ్యోమింగ్ గొంతు వినిపించింది.

“అన్నయ్యా, అమ్మ పోయినప్పుడు నేను వచ్చాను. చర్చి దాకా వచ్చాను. తాగి ఉన్నాను. లోపలికి రావడానికి సిగ్గేసి, అట్నుంచటే వెళ్ళిపోయాను. తప్పు నాదే.”

వెండెల్ చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత ఆయన టోపీ కిందికి లాగి సరిచేశాడు.

“చలిగా ఉంది. చెవులు కప్పుకోరా.”

వ్యోమింగ్ అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ఆర్డిత్‌కి ఒళ్ళు మండిపోయింది. వ్యోమింగ్‌ని పక్కకి పిలిచింది.

“ఆడింది చాలు. నా మనసులో మాట చెప్పుకుంటే, దానికి కథలల్లి మా ఆయనకి వినిపిస్తారా? ఆ క్షమాపణ అడగాల్సినవాడు వేరే ఉన్నాడు. మీకేం హక్కుంది?”

ఆయన ఏదో చెప్పబోయి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్న వెండెల్ వైపు తిరిగాడు. పాతికేళ్ళ కుర్రాడిలా తేలిగ్గా, ఏ బరువూ లేకుండా ఉంది వెండెల్ ముఖం.

“మీరన్నది నిజమే,” అన్నాడు మెల్లగా. “ఇక రాను.”

మర్నాడు పొగమంచు విడేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది.

“ఏమన్నావే ఆయన్ని?” అంది నోరీన్.

“అనాల్సిందే అన్నాను.”

వెండెల్ మాత్రం రోజూ మధ్యాహ్నం పక్క కుర్చీ మీద తడి తుడిచి కూర్చునేవాడు. పోస్టుమాన్ వస్తే తల తిప్పేవాడు కాదు. కుక్క వస్తే ఊరికే నిమిరేవాడు. మళ్ళీ ఎవరినీ లైల్ అని పిలవలేదు.

ఏప్రిల్లో అందరూ ఉత్తరాదికి తిరుగు ప్రయాణమవుతుండగా, వెండెల్ అక్క వెర్నా ఫోన్ చేసింది.

“ఆర్డిత్, మా లైల్ పోయాడమ్మా. నిన్న సాయంత్రం. ఇక ఎన్నాళ్ళో ఉండనని వాడికి చలికాలానికి ముందే తెలుసు. ఎవరికీ చెప్పనివ్వలేదు.”

చూడని మనిషి కోసం ఎంత బాధపడాలో ఆర్డిత్‌కి తెలియలేదు.

“అయ్యో వదినా,” అంది. “ఒక్కసారైనా వచ్చి అన్నని చూసి వెళ్ళాల్సింది.”

వెర్నా గొంతులో ఆశ్చర్యం.

“అదేంటమ్మా అలా అంటావు? రోజూ మధ్యాహ్నం అన్న పక్కన కూర్చోనిచ్చావని, పోయేదాకా నీ మంచితనమే చెప్పుకున్నాడు.”