ఎండ బండ మీద చోటు

దగ్గరికి జరగండి నాయనా! కార్లు చార్జింగుకి పెట్టినవాళ్లు, వంతు కోసం కూర్చున్నవాళ్లు కూడా రండి, వినండి.

ఒక అడవిలో మంచు పట్టిన ఉదయాల్లో ఎండ తగిలే బండ ఒక్కటే ఉండేది. ఒంట్లో వేడి ఎక్కితే తప్ప కాళ్లు కదపలేని జీవులన్నీ అక్కడికే చేరేవి. వేడెక్కిన జీవి దిగి చోటివ్వాలి, అది అక్కడి మర్యాద.

ఒకరోజు తొండ ఈడ్చుకుంటూ వచ్చింది. పొద కింద దాని గుడ్లకు చీమలు పట్టాయి. పరుగెత్తాలంటే కాళ్లు బిగుసుకుపోయాయి. బండ నిండా ఉడుమూ, తాబేలూ ఉన్నాయి.

"ఉడుము మామా, నీ వీపు పెనంలా కాలుతోంది కదా, కాస్త దిగవా? నా గుడ్లకు చీమలు పట్టాయి."

"కాలుతోందనుకో. సాయంత్రం చలేస్తే?" అంది ఉడుము కళ్లు తెరవకుండా. "సూర్యనారాయణమూర్తి అందరివాడు తల్లీ. ఓపిక పట్టు. ఓపికే పూజ."

తొండకు ఏడుపొచ్చింది. అప్పుడు తాబేలు మెడ చాపి, "నాకు వేడి సగమే ఎక్కింది గానీ, మడుగు దాకా పాకడానికి చాలు. ఎక్కమ్మా," అంటూ దొర్లినట్టు దిగింది.

తొండ ఒళ్లు కాచుకుంది. రివ్వున వెళ్లి చీమల్ని ఏరి ఏరి తినేసింది. ఒక గుడ్డు పోయినా మిగిలినవి దక్కాయి.

"చూశారా," అంది ఉడుము కింద వంతు కోసం నిలబడ్డ బల్లులతో, ఖాళీ అయిన చోటులోకి తోక చాపుకుంటూ. "ఓపిక పట్టమని నేను చెప్పబట్టే కదా!"

భగవంతుడు ఎండనిచ్చాడు, దిగడం మాత్రం మనకే వదిలేశాడు. అందుకే తల్లులారా, అయ్యలారా, తాబేలు దిగింది చూశారే, అదొక్కటి గుర్తుంచుకోండి. మీ వెనక ఎవరైనా వణుకుతూ నిలబడ్డ రోజున మీరూ అలా దిగండి.