ఈనని కర్రావు

"ఓరి ఈదిగా! నీ ఆవులల్ల ఏదన్న ఈనిందారా?"

వీధిలోంచి పోలీసు పటేలు కేక వినబడగానే ఈదయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. ఉన్నవి మూడు ఆవులు, మూడూ చూడివే. వాటిలో కర్రావు నిన్న మాపటేళే ఈనింది. ముత్యమంటి పెయ్యదూడ. ఆ సంగతి తెలిసిందా, దొర గడీకి తోలుకుపోతారు. పాలు ఎండిపోయాక గానీ ఆవు తిరిగి రాదు. తల్లి లేని దూడ ఏం తాగి బతుకుతుందో గడీవాళ్లకెందుకు? నిరుడు అట్లాగే ఒక కోడెదూడ డొక్కలెండి చచ్చింది.

"దూడ యాడుంది?" గొంతు తగ్గించి పెళ్లాన్ని అడిగాడు.

"వంటింట్ల, గంప కింద," అంది బాలనర్సమ్మ.

"ఎవలకన్న చెప్పినవా?"

"దేవుని మీద ఒట్టు! పొద్దటిసంది నోరు ఇప్పితే అడుగు."

పటేలు తడిక దగ్గరే ఆగిపోయాడు. కొట్టం నిండా పేడ. కిర్రు చెప్పులు వేసుకున్న పెద్దమనిషి, లోపల కాలు పెడతాడా మరి!

"పోలీసు అమీన్‌సాబు గడీల దిగుతుండు. గడీకి ఇయ్యాల్నే పాలావు గావాలె. మట్టయ్యా, పొయ్యి పొదుగులు సూసి రా," అని వెంట తిరిగే సుంకరిని లోపలికి తోలాడు.

మట్టయ్య గొంగడి కప్పుకుని, ఒక చెయ్యి గొంగట్లోనే ఉంచుకుని వంగి లోపలికొచ్చాడు. చూడడానికేముంది? కర్రావు పొదుగు నిండుకుండలా దిగింది. గుడ్డివాడు తడిమినా చెప్పేస్తాడు. పైగా మాయదారి ఆవు, వంటింటి వైపే చూస్తూ ఒకటే అరుపు. లోపల్నుంచి దూడ కూడా "అంబే" అంది. అంతే, బాలనర్సమ్మకు దగ్గు ముంచుకొచ్చింది. ఎంత దగ్గిందంటే పాపం, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఈదయ్య మట్టయ్య ముందుకొచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఏమాయెరా? ఆవు గట్ల అరుస్తదేంది?" బయటి నుంచి పటేలు.

మట్టయ్య ఈదయ్యను చూశాడు. జోడించిన చేతులు చూశాడు. తర్వాత తడిక వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"కుడితి పెట్టలే పటేలా, ఆకలికి అరుస్తుంది! ఒక్కటి గుడ ఈనలే. ఇంకో నెలన్న పడ్తది!"

"థూ, పనికిమాలిన గొడ్లు! నడు, పాలకీడు ఊరి దిక్కు పోదాం," అంటూ పటేలు చెప్పులు కిర్రుకిర్రుమనిపిస్తూ సాగిపోయాడు.

ఈదయ్య గుంజ పట్టుకుని కూలబడ్డాడు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బాలనర్సమ్మ ఉరికి గంప ఎత్తింది. దూడ తల్లి దగ్గరికి తడబడుతూ పరుగెత్తి పొదుగులో మూతి పెట్టింది. కర్రావు అరుపు మానేసి దాన్ని నాకసాగింది.

"నీ కడుపు సల్లగుండ తమ్మీ! నా దూడను బతికిచ్చినవ్. గడప దాటని ముచ్చట, నీ ఒక్కనికే తెలిసె. నీ కడుపుల్నే పెట్టుకో," అన్నాడు ఈదయ్య.

మట్టయ్య గొంగట్లోంచి ఇత్తడి గిన్నె తీసి బాలనర్సమ్మ చేతిలో పెట్టాడు.

"ఇగో నీ గిన్నె, వదినె. కడుపుల్నే పెట్టుకున్న, జున్ను మస్తుగుంది. దూడను దాసుడైతే దాసినవ్ గని, వాడకట్టంత జున్ను పంచుతరా?"