పసుపు మిల్లులో పిల్లి

“అంతా బాగానే ఉందండి” అన్నది సారా, ముక్కుకు కట్టుకున్న గుడ్డ దించకుండానే.

కొత్త సూపర్‌వైజర్ రాజారత్నం ఆమె చెవి దగ్గరికి వంగి మళ్ళీ అడిగాడు. “భయమనిపించేది ఏదన్నా ఉంటే చెప్పండమ్మా. మీ పేరు బయటికి రాదు.”

“భయమేంటండి? అలవాటైన పనేగా.”

అతను వెంటనే కదలలేదు. ఆమె ముఖం వైపు కాక చేతుల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. పని ఆపిందేమోనని కనిపెడుతున్నాడనుకుని సారా పసుపు కొమ్ములను గబగబా మరలోకి తోసింది. అతను పక్కకు తిరిగాడో లేదో, ఎదురుగా ఉన్న కనకలక్ష్మి రెండు వేళ్ళు పై పెదవి మీద ఆనించి మీసాల్లా ఆడించింది. పిల్లి. అడుగుల చప్పుడు లేకుండా వస్తాడని ఆడవాళ్ళు అతనికి పెట్టిన పేరది. సారా గుడ్డ చాటున నవ్వుకున్నది.

దుగ్గిరాలలోని ఆ మిల్లులో పొడి మర తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకే ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. చూపుడువేలు గిరగిర తిప్పితే బెల్టు, బొటనవేలు నొక్కితే స్విచ్చి. చొక్కా నలగని వాళ్ళకు ఆ భాష ఏడ్చినా రాదని సారా ధీమా.

సూపర్‌వైజర్లు రోజూ పనివాళ్ళతో భద్రత గురించి మాట్లాడి తీరాలని పసుపు కొనే విదేశీ కంపెనీ షరతు పెట్టిందట. రాజారత్నం మొదటి రోజే అందరినీ నిలబెట్టి చెప్పాడు. “మా అమ్మ రేపల్లెలో రైసు మిల్లు కూలీ అండి. ఆ హోరుకి ఆమెకు చెవులు పోయాయి. మీకెవరికీ అట్లా జరగకూడదు.”

“ఉద్యోగంలోకొచ్చిన ప్రతివాడికీ ఒక కూలి తల్లి ఉంటుందిలే” అని సారా అప్పుడే తేల్చేసింది.

ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. వెనకటి సూపర్‌వైజరు కూడా ఇలాగే తేనె పూసిన గొంతుతో అడిగాడు. అనసూయ నమ్మి, బెల్టుకు ఇనుప జాలీ లేదని చెప్పింది. మర్నాడు గేటు దగ్గరే ఆమెను వెనక్కి పంపేశారు. నిజం చెప్పిన మనిషి ఇప్పుడు తెనాలి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటోంది. సారా కూతురు బ్లెస్సీ బాపట్లలో నర్సింగు చదువుతోంది. ఆ చదువుకు ఈ మిల్లు పని ఒక్కటే ఆధారం. అందుకే సారా నోటికి గుడ్డతోపాటు తాళం కూడా వేసుకున్నది.

అయినా మాటలు పొక్కాయి. కాలి కింది చెక్క ఊగుతోందని కనకలక్ష్మికి సైగ చేసిన మరుసటి రోజే కొత్త చెక్క వచ్చింది. కాకతాళీయమనుకున్నది. తర్వాత ఒకనాడు, రాజారత్నం పక్క మర దగ్గర ఎవరినో పలకరిస్తుండగా, ‘ఎవరినన్నా బెల్టు లాగేస్తే మరను ఆపే స్విచ్చి ఆ చివరి గోడకు ఉంది, ఎవరు పరిగెత్తుతారు?’ అని చేతులతో అడిగింది. కనకలక్ష్మి తల అడ్డంగా ఊపింది. వారం తిరగకుండా సారా మోచేతి పక్కనే ఎర్ర స్విచ్చి వెలిసింది.

యజమాని హనుమంతరావు ఆవరణలోనే అడిగాడు. “ఏంటయ్యా ఈ మార్పులన్నీ? ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదండి. నేనే చూశాను.”

ఆ మాట సారా చెవిన పడింది. చూశాడట, చూశాడు! చెప్పినవాళ్ళను భలే కాపాడుతున్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర తాడోపేడో తేల్చుకున్నది. “కనకం, పిల్లికి పాలు పోస్తోంది నువ్వేనా?”

“ఏంటక్కా ఆ మాట?”

“స్విచ్చి సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?”

“నా పిల్లల మీద ఒట్టక్కా, నేను నోరు విప్పలేదు.”

“ఒట్టు తీసి గట్టున పెట్టు. రేపు నన్ను గేటు బయట నిలబెడితే బ్లెస్సీ ఫీజు నువ్వు కడతావా?”

ఎప్పుడూ ఇద్దరి మధ్యన ఉండే గోంగూర పచ్చడి డబ్బా మూసి, సారా లేచి దూరంగా కూర్చున్నది. ఆనాటి నుంచి ఆమె చేతులు కనకలక్ష్మితో మాట్లాడలేదు. కనకలక్ష్మి కూడా తల ఎత్తి ఆమె వంక చూడటం మానేసింది.

చూసి ఉంటే బాగుండేది. ఆ శుక్రవారం కనకలక్ష్మి వంగినప్పుడు పైటకొంగు జారి బెల్టు వైపు ఊగింది. సారా చెయ్యి ఊపింది. అవతలి మనిషి తల ఎత్తలేదు. అరిచింది, మర ఆ అరుపును మింగేసింది. కొంగు బెల్టుకు చిక్కింది. సారా మోచేత్తోనే ఎర్ర స్విచ్చిని గుద్దింది.

మర ఆగింది. సగం చినిగిన చీరతో కనకలక్ష్మి ప్రాణాలతో నిలబడి ఉన్నది.

రాజారత్నం పరుగున వచ్చాడు. కనకలక్ష్మిని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. “జాలీ బిగించేదాకా ఈ మర తిరగదు. యజమానికి నేను చెప్పుకుంటాను.”

సారా ముఖం మీది గుడ్డ లాగేసింది. “ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. స్విచ్చి సంగతి మీకు చెప్పింది కనకమేనా?”

“కాదమ్మా.”

“మరెవరండి?”

“మీరే.”

సారాకు ఒళ్ళు మండింది. “దేవుడి ఎదుట అబద్ధమాడకండి. నేను మీతో ఒక్క మాటైనా చెప్పానా?”

రాజారత్నం రెండు వేళ్ళు పై పెదవి మీద ఆనించి, మీసాల్లా ఆడించాడు.