నాలుగో వాక్యం

"ఇరవై రెండు కాగితాలిచ్చాను. ఇరవై ఒకటే వచ్చాయి. ఇంకొకటి ఎవరిది?"

సుందర్‌రాజు సార్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేదనిపించింది కోమల్‌కి. మూడో బెంచీలోంచి ఆమె చేయి మెల్లగా లేచింది. ఆ చేతిలో సంతకం లేని కాగితం.

ఎమ్మెస్సీ కంప్యూటర్స్ వాళ్లకి పరిశోధనా పద్ధతుల మొదటి క్లాసు అది. సార్ వస్తూనే బోర్డు మీద సబ్జెక్టు పేరు రాసి, తలా ఒక ఇంగ్లీషు కాగితం పంచాడు. ఆయనేదో పరిశోధన చేస్తున్నాడట. కంప్యూటర్ ముందు గంటల తరబడి కూర్చున్నవాళ్లు ఎన్ని తప్పులు చేస్తారో లెక్క తీయాలట. అందులో పాల్గొనడానికి ఒప్పుకుంటున్నట్టు కింద సంతకం చేసి ఇమ్మన్నాడు. క్లాసంతా అర నిమిషంలో ఆ పని కానిచ్చేసింది.

కోమల్ మాత్రం చదివింది. చేసిన పాపమల్లా అదే. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. 'ఈ కోర్సులో నా మార్కులు' అని రాసి, పక్కన ఖాళీ వదిలారు. 'ఆ ఖాళీలో సార్ తర్వాత ఏది రాసినా నేను ప్రశ్నించను, పరిశోధన మధ్యలో తప్పుకోను' అని ఉంది. అదీ వాక్యం.

"ఏం, పెన్ను లేదా?" అన్నాడు సార్ హిందీలో. క్లాసు గొల్లుమంది.

"ఉంది సార్. కానీ... ఇక్కడ ఖాళీ ఉంది."

"ఉంటే?"

"మీరు నింపినాక పెడతాను సార్."

నవ్వులు ఆగిపోయాయి. పక్కనున్న నేహ మోచేత్తో పొడిచింది. "పాగల్ అయినవా? ఫస్ట్ డే సార్‌తోని లొల్లి ఎందుకే? సైన్ కర్ దే, పెట్టెయ్!"

కోమల్‌కి పొద్దుటి గొడవ గుర్తొచ్చింది. ఆమె తండ్రి ఆగయ్య కరీంనగర్ దిక్కు నుంచి ఈ పరాయి రాష్ట్రానికి బతకవచ్చి, ఊళ్లోని నార్పోలి పేటలో ఒక సేఠు దగ్గర మగ్గాలు నడుపుతాడు. నిన్న ఆ సేఠు ఖాళీ కాగితం మీద ఆయనతో వేలిముద్ర వేయించుకున్నాడు. ఎప్పుడు పొమ్మనాలనుకుంటే అప్పుడు 'నేనే పని మానేస్తున్నాను' అని పైన రాసుకోవడానికి. సంగతి తెలిసి కోమల్ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"అంత తెలిసీ ఎందుకేసినవ్ బాపూ?"

ఆగయ్య బొటనవేలికి అంటిన సిరాను రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆమె చాయ్ కూడా తాగకుండా కాలేజీకి వచ్చేసింది.

సార్ హాజరు పట్టీ పట్టుకుని ఆమె బెంచీ దగ్గరికి వచ్చాడు. వంగి, మెల్లగా తెలుగులో అన్నాడు.

"చూడు బిడ్డా, నేను గూడ కరీంనగర్ దిక్కోన్నే. మనోళ్ల పిల్లవని మంచిమాట చెప్తున్న. ఈ కాగితం ఇయ్యకుంటె నువ్వు నా క్లాసుల లేనట్టే. పేరు కొట్టెయ్యాల్నా?"

అందరి ముందూ తిట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఈ సబ్జెక్టు లేకపోతే ఎమ్మెస్సీ లేదు. ఎమ్మెస్సీ పోతే, అమ్మ మల్లవ్వ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టడమే. అమ్మ వేళ్లు ఎలా అయ్యాయో ఆమెకు తెలుసు.

"జల్దీ కర్ నా కోమల్!" వెనక బెంచీలోంచి అమోల్ విసుక్కున్నాడు. "నీ ఒక్కదాని కోసం అందరం కూసోవాల్నా?"

సార్ ఎర్ర పెన్ను మూత తీశాడు.

"పెట్టను సార్," అంది కోమల్. ఆ మాట తనకే వినపడలేదు.

"గట్టిగ చెప్పు."

"పెట్టను... సార్."

ఎర్ర పెన్ను పట్టీలో ఆమె పేరు మొదటి అక్షరం మీద ఆనింది. గీత మొదలైంది. బయట ధామన్కర్ నాకా కూడలిలోని ఆటోల హారన్లు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నట్టు అనిపించాయి.

"ఆగండి సార్!"

కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి ఆయన చేతిలో పెట్టేసింది.

సార్ ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు. గెలిచినవాడి ముఖంలా లేదు. మెల్లగా బోర్డు దగ్గరికి వెళ్లి, క్లాసు వైపు తిరిగాడు.

"సంతకం చేసేముందు దీన్ని చదివిందెవరు?"

ఒక్క చేయి లేచింది.

"నాలుగో వాక్యం చదువమ్మా."

కోమల్ చదివింది. "క్యా?" అంటూ అమోల్ లేచి నిలబడ్డాడు. క్లాసంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"నేను ఏ పరిశోధనా చేయడం లేదు," అన్నాడు సార్. ఇరవై ఒక్క కాగితాలను నిలువునా చింపి బల్ల మీద పడేశాడు. "ఇదే మీ మొదటి పాఠం. కాదనే వీల్లేని మనిషి పెట్టిన సంతకం సంతకం కాదు. రేపు మీరూ ఇలాంటి కాగితాలు పట్టుకుని జనం దగ్గరికి వెళ్తారు. అప్పుడు ఇది గుర్తుంచుకోండి."

ఆయన చేతిలో కోమల్ కాగితం ఒక్కటే మిగిలింది.

"ఎనిమిదేళ్లుగా ప్రతి బ్యాచికీ దీన్ని పంచుతున్నాను. సంతకం పెట్టనని చివరిదాకా నిలబడ్డ మొదటి మనిషికి నూటికి నూరు మార్కులిద్దామని ఎదురుచూస్తున్నాను. ఇవాళ దొరికిందనుకున్నాను."

ఆమె దగ్గరికి వచ్చి, మళ్లీ తెలుగులోకి దిగాడు. గొంతులో కోపం లేదు.

"అంత తెలిసీ ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

పొద్దున తండ్రి చెప్పలేకపోయిన జవాబు కోమల్ నోట వచ్చింది.

"భయమైంది సార్."