గీతకు అటూ ఇటూ

బస్సు దిగి బడి ముందుకు వచ్చిన దశరథానికి ఒళ్లు మండిపోయింది.

సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఊరి కార్యకర్తలే తేల్చాలని మహబూబ్‌నగర్ నుంచి పరిశీలకుడు వచ్చాడు. పోటీలో ఉన్నది దశరథం, గోపీకృష్ణ. బడి ముందర ముగ్గుతో గీత గీయించి, ఇద్దరికీ చెరో వైపు ఇచ్చి, ఎవరికి నచ్చిన మనిషి వైపు వాళ్లను నిలబడమన్నాడు. కల్వకుర్తిలో పెద్ద లీడరును కలిసి దశరథం వచ్చేసరికే అందరూ నిలబడిపోయారు. గీతకు ఒక వైపు జనం, వాళ్ల మధ్యలో నవ్వుతూ గోపీకృష్ణ. రెండో వైపు పిట్ట కూడా లేదు. దశరథం విసవిసా ఆ ఖాళీ వైపుకు వచ్చి నిలబడ్డాడు.

"ఇన్నేండ్ల సంది జెండా మోసిన. నా దిక్కు ఒక్కడన్న లేడా?"

"అన్నా, జర ఆగు. నా మాట ఇను," అంటూ జాఫర్ ముందుకొచ్చాడు.

"నీ మాటేంది ఇనేది? నీ వెల్డింగ్ షాపుకు కరెంటు మీటర్ ఎవడు ఇప్పిచ్చిండురా? గా పర్వతాలుగాని తల్లికి పింఛన్ ఎవడు తెచ్చిండు? గోపిగాడు బిర్యానీ పెడితే తోక ఊపుకుంట పోయినరు. మీకంటె కుక్కలు నయం."

పర్వతాలు తల దించుకున్నాడు. పరిశీలకుడు ఏదో చెప్పబోతే, "నువ్వు ఊకో సారూ, నీకెంత ముట్టిందో," అని దశరథం అతణ్నీ వదల్లేదు. కోపమొచ్చినవాడికి చెవులు పనిచేయవు, నోరొక్కటే పనిచేస్తుంది.

అప్పుడే ఆ గుంపులో భార్య సోమమ్మ కనిపించింది.

"నువ్వు సుత గా గుంపులనేనా? మల్ల నా గడప తొక్కకు."

సోమమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరిశీలకుడు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "దశరథం, నువ్వు నిలబడ్డది గోపీకృష్ణ దిక్కు. జనమున్నది నీ దిక్కు. నీ మీద పోటీ ఎందుకని గోపీకృష్ణ సుత నీ దిక్కే వచ్చిండు. ఏకగ్రీవమని చెప్దామనుకునేసరికి నువ్వొస్తివి."

దశరథం మొహం మాడిపోయింది. ఒక్క అంగలో గీత దాటి, చేతులు జోడించాడు.

"తప్పయింది. మాఫ్ చెయ్యుండ్రి."

సోమమ్మ అతని పక్కనుంచే నడిచి గీతకు అవతల నిలబడింది. ఆమె వెనక జాఫర్, పర్వతాలు, తక్కినవాళ్లంతా దాటారు.

దశరథం దిక్కున మిగిలింది గోపీకృష్ణ ఒక్కడే.